లోవలక్ష్మి తూకం, నా కుళ్ళు

లోవలక్ష్మి గురించి రాద్దామని వచ్చి తిన్నగా నా వీధరుగు మీద కూర్చున్నారంటే మా ఊరి సంగతి మీకెవరూ చెప్పలేదన్నమాట. ఆవిణ్ణి పొగిడేవాళ్ళు కాలవకి అటూ ఇటూ బోలెడంతమంది ఉన్నారండి. నేను మాత్రం పొగడను. ఆవిడంటే నాకు పద్దెనిమిదేళ్ళుగా కుళ్ళు. దాచుకుంటే దాగేదా ఇది? అయినా ఒక్కమాట. పొగిడేవాళ్ళకి మనిషి సగమే తెలుస్తుంది. కుళ్ళుకునేవాళ్ళు ఎప్పుడు లేచింది, ఏం వండింది, ఎవరితో ఏం మాట్లాడింది అన్నీ కనిపెట్టి ఉంటారు. అంచేత మీరు సరైన చోటికే వచ్చారు. కాఫీ తాగండి, చెబుతాను.

నా పేరు మాణిక్యాంబ. మా ఆయన సూర్యప్రకాశంగారు ఈ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మేష్టారుగా చేసి రిటైరయ్యారు. తొంభైలో మా సీతారామపాడుకి అంగన్‌వాడీ శాంక్షనైతే, ఇంటర్ పాసైన ఆడది ఊళ్ళో నేనొక్కదాన్నే కాబట్టి పిలిచి మరీ ఇచ్చారు. మరుసటేడు కాలవకి అవతల పల్లిపాలేనికి ఇంకో సెంటరు ఇచ్చారు. చేపలు పట్టుకునేవాళ్ళ పేట అది, అరవై గడప ఉంటుంది. దానికి టీచరుగా వచ్చింది లోవలక్ష్మి. చదివింది ఏడో క్లాసు. మొగుడు రాముడు బోటు మీద వేటకి పోతాడు. పెళ్ళికి ముందు తల్లితోపాటు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా చేపలమ్మేది. మా వీధి దాటేటప్పుడు మాత్రం కేక వెయ్యకుండా గబగబా నడిచిపోయేది. అలాంటి పిల్ల మొదటి మీటింగులో తగుదునమ్మా అని వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నేను కొంచెం అటు జరిగాను. చోటిచ్చాననుకుంది కాబోలు, "థాంక్సండి అమ్మగారండి" అంది. ఒళ్ళు మండిపోయింది.

మా ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి తూకం. నెలకోసారి అయిదేళ్ళలోపు పిల్లలందర్నీ వేలాడే కాటాకి తగిలించి తూచాలి. ఆ బరువుని పిల్ల కార్డు మీద చుక్కగా పెట్టాలి. నెలనెలా చుక్కలు కలుపుకుంటూ పోతే గీత పైకెక్కాలి. ఎక్కితే పిల్ల నార్మల్, లేకపోతే తగ్గినదాన్ని బట్టి గ్రేడు. మూడో గ్రేడూ నాలుగో గ్రేడూ పిల్లలకి డబల్ రేషన్ పిండి ఇస్తారు. వినడానికి బానే ఉంటుంది. కానీ మా వైపు ఏ తల్లి తూచనిస్తుందండీ? పిల్లని కాటాకి వేలాడదీస్తే దిష్టి కొడుతుందనీ, అక్కడితో ఎదుగుదల ఆగిపోతుందనీ భయం. ఒకావిడైతే మా పిల్లాడేమన్నా కంద దుంపా అని అడిగేసింది.

నేను పదిమందిలో మర్యాదగా బతికేదాన్ని. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి బతిమాలడం నా వల్ల కాలేదు. మొదట్లో తూచేదాన్నే, కానీ వెండి మొలతాడూ గజ్జెలూ తియ్యమనేదాన్ని కాదు. తరవాత కాటా మానేసి, ఎత్తుకుని అందాజుగా రాశాను. ఆ తరవాత ఎత్తుకోవడం కూడా మానేసి, కిందటి నెల బరువుకి రెండొందల గ్రాములు కలిపి చుక్క పెట్టేసేదాన్ని. పిల్లలన్నాక ఎదుగుతారు కదా, ఎంతో కొంత పెరిగే ఉంటారు కదా అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. నా కార్డుల్లో గీతలన్నీ పోకచెట్లలా నిటారుగా లేచేవి. మండలం మొత్తానికి ఉత్తమ అంగన్‌వాడీ అని మూడుసార్లు శాలువా కప్పారు.

పల్లిపాలెంలోనూ అదే భయం. అక్కడ లోవలక్ష్మి ఏం చేసిందో మా సెంటరు ఆయా జ్ఞానమ్మ వచ్చి చెప్పింది. తన ఏడాది పిల్లాణ్ణే అందరి ఎదుటా మొలతాడు కూడా తీసేసి కాటాకి తగిలించిందట. బరువు పైకి చదివి, వెంటనే గుప్పెడు ఉప్పూ రెండు ఎండుమిరపకాయలూ పిల్లాడి చుట్టూ తిప్పి దిష్టి తీసి, పొయ్యిలో పడేసిందట. మీ పిల్లలకీ తీస్తాను రండి అందట. అంతే, తూకం రోజు వస్తే పల్లిపాలెం తల్లులు వరస కట్టి నిలబడేవారు. గవర్నమెంటు సెంటర్లో ఈ మూఢనమ్మకాలేంటని మా పెద్దాఫీసరు జగన్నాథరావుగారి దగ్గర నేను గట్టిగానే చెప్పాను. ఆయన నవ్వి, ఐడియా బాగానే ఉందే అన్నారు. ఆ నవ్వు నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు.

మీరడగొచ్చు, శాలువాలన్నీ నీకే వస్తుంటే ఆ పిల్ల మీద ఏడుపెందుకని. నిజమే, లెక్క ప్రకారం ఆవిడ సెంటరు మండలంలో అట్టడుగు. రెండో గ్రేడు, మూడో గ్రేడు అని ఉన్నది ఉన్నట్టు రాసేసి మీటింగు మీటింగుకీ చివాట్లు తినేది. నాకు చప్పట్లు, ఆవిడకి చివాట్లు. కానీ నా సెంటరుకి జనం పిండి కోసం వచ్చేవారు. ఆవిడ సెంటరుకి ఆవిడ కోసం వచ్చేవారు. ఆ తేడా నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఇంకెవరికీ తెలీదు గనక కడుపుమంట నాలోనే పెట్టుకున్నాను. చాలదన్నట్టు, తొంభై ఎనిమిదిలో ప్రైవేటుగా పదో క్లాసు కట్టి పాసయింది. రెండువేల మూడులో వర్కర్లలోంచి ఒకరిని సూపర్‌వైజరుగా తీసుకుంటామని లిస్టు వేశారు. పైన నా పేరు, కింద ఆవిడది. పన్నెండేళ్ళుగా ఆ పోస్టు మీదే ఆశ పెట్టుకున్నదాన్ని నేను. సూపర్‌వైజరుగారి భర్త అనిపించుకోవడానికి మా ఆయన కూడా సిద్ధపడిపోయారు.

ఆ ఏడు ఫిబ్రవరిలోనే మా మండలం మీటింగుకి హరిచందన అనే డాక్టరమ్మ వచ్చింది. కుర్రది, ముప్పై కూడా ఉండవు. మెడికల్ కాలేజీ తరఫున మా మండలంలో పిల్లల పోషణ మీద పని చేస్తోంది. వరి పండే నేల, చేప దొరికే నీరు, కొబ్బరికి కొదవ లేదు, అయినా పిల్లలెందుకు బక్కచిక్కి ఉంటున్నారనేది ఆవిడ ప్రశ్న. పిండి ఇవ్వడం, మందు ఇవ్వడం, పాఠం చెప్పడం అన్నీ ఎవరికి వారే చేసుకుపోతున్నారనీ, అసలు ఏది దేన్ని లాగుతోందో అంతా కలిపి చూసినవాళ్ళు లేరనీ చెప్పింది. తన దగ్గరున్న డబ్బుతో ఒక్క చోట ఒక్క పనే చెయ్యగలదట. ఏం చెయ్యాలో, ఎక్కడ చెయ్యాలో మీరే తేల్చండి అంది.

ఒక్కొక్కర్నీ లేపి కారణం అడిగింది. నేను లేచి నిరక్షరాస్యత, మాతృమూర్తుల అజ్ఞానం అని గ్రాంథికంలో దంచాను. అందరూ అదే పాట అందుకున్నారు. లోవలక్ష్మి వంతొచ్చింది.

"ఎందుకు తగ్గుతున్నారో తెలీదండి," అంది. "ఎప్పుడు తగ్గుతున్నారో తెలుసండి."

హాలంతా నవ్వారు. నేనైతే అందరికన్నా గట్టిగా నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు. చెప్పమంది. లోవలక్ష్మి సంచీలోంచి నాలుగేళ్ళ కార్డులు తీసి నేల మీద పరిచింది. సుద్దముక్క అడిగి పుచ్చుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ముగ్గేసినట్టు కూర్చుంది. ప్రతి ఏడూ మే, జూన్ నెలల్లో చుక్కలు కిందికి దిగుతున్నాయి. పేటలో సగానికి సగం పిల్లలకి అంతే. ఆ నెలల్లో ఏం జరుగుతుందో ఆవిడ ఒక్కొక్కటే రాసి చుట్టూ సున్నా చుట్టింది. కాలవ కట్టేస్తారు, అంటే వేసవి రిపేర్లకని డెల్టా అంతా నీళ్ళు ఆపేస్తారు కదా, అది ఒకటి. అప్పటికే నింపి పెట్టుకున్న మంచినీళ్ళ చెరువు అడుగంటుతుంది. రొయ్యల చెరువులొచ్చాక నూతులు ఉప్పుబడ్డాయి కాబట్టి ఆ బురద నీళ్ళే గతి. పిల్లలకి విరోచనాలు. అదే సమయంలో సముద్రంలో వేట నిషేధం, ఇంట్లో చేపముక్క ఉండదు. మొగాళ్ళకి పని లేక ఆడవాళ్ళు రొయ్యల తలలు వలిచే షెడ్లకి పోతారు. చంటిపిల్లలు ఎనిమిదేళ్ళ అక్కల చేతుల్లో పడతారు. ఆ అక్క పొద్దున్న కలిపిన పిండే సాయంత్రం దాకా పెడుతుంది. మళ్ళీ విరోచనాలు. తల్లి షెడ్డు మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు, మానకపోతే పిల్ల లేవదు. సున్నాలన్నిటికీ ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ గీతలు లాగింది.

"వల చిరిగిన చోటే కుట్టేస్తే ఆగదండి," అంది. "ఎక్కడ లాగుతుందో చూసి అక్కడ వదులు చెయ్యాలండి. మా పేటకి నీళ్ళ దగ్గర లాగుతుందనుకుంటున్నానండి."

డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతలు చూస్తోంది. నేను నా కుర్చీలో కూర్చుని డాక్టరమ్మని చూస్తున్నాను. మూడు శాలువాలు కప్పించుకున్నాను గానీ నావైపు ఒక్కరంటే ఒక్కరు అలా చూళ్ళేదండి. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంతకన్నా మంచి మాట లేదు దానికి.

కాసేపటికి డాక్టరమ్మ తలెత్తి, అదే చెరువు నీళ్ళు ఇంకెవరు తాగుతారని అడిగింది. సీతారామపాడు వాళ్ళూ అదేనండి అంది లోవలక్ష్మి. అయితే నీళ్ళే కారణమైతే అక్కడి పిల్లలు కూడా ఆ నెలల్లో తగ్గాలి కదా, ఆ కార్డులు చూద్దాం అంది. నా కార్డులు తెప్పించారు. నలభై రెండు కార్డులు, నలభై రెండు పోకచెట్లు. మే లేదు, జూన్ లేదు, ఎక్కడా ఒక్క చుక్క కిందికి దిగలేదు.

డాక్టరమ్మ ఒక్కొక్క కార్డూ తిప్పి చూసింది. తరవాత సుద్దముక్కతో నీళ్ళ సున్నా మీద ఇంటూ కొట్టేసింది. నీళ్ళు కాదు, తల్లులు పనికి పోవడమే కారణమై ఉండాలంది. రెండు పేటలకీ కలిపి ఇసుక ఫిల్టరు టాంకు కట్టించాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఆ డబ్బు ఇంకో ఊళ్ళో ఇంకేదో పనికి వెళ్ళింది.

నాకు తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. లోవలక్ష్మి ఒక్కసారి నా మొహంలోకి చూసి తల దించుకుంది. పైకి చెప్పుకోకూడదు గానీ, ఆ ఇంటూ చూసి నాకు లోపల్లోపల హాయిగానే అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రామచంద్రపురంలో దిగి మల్లెపూలు కూడా కొనుక్కున్నాను.

మే వచ్చింది. కాలవ కట్టేశారు. మా ఆయా జ్ఞానమ్మకి ఒక మనవరాలు, పేరు ప్రసన్న, పదహారు నెలల పిల్ల. నా సెంటర్లో పిల్లే, నా చేత్తో కార్డు రాసిన పిల్లే. నాలుగు రోజులుగా విరోచనాలు అవుతుంటే, ఒకనాడు పొద్దున్నే కళ్ళు తేలేసిందని జ్ఞానమ్మ కేకలు పెట్టుకుంటూ వచ్చింది. నేనే ఆటో పిలిచి టౌన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చెడ్డదాన్నే గానీ అంత చెడ్డదాన్ని కాదండి.

అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. డ్యూటీ డాక్టరు పిల్లని తూయించాడు. ఆరు కిలోల మూడొందలు. ముందు తూకం కార్డు ఏదైనా ఉందా అని అడిగాడు. జ్ఞానమ్మ నా వైపు గర్వంగా చూసి, కొంగుముడి విప్పి కార్డు తీసి ఇచ్చింది. పది రోజుల కిందట పెట్టిన చుక్క. ఎనిమిది కిలోల రెండొందలు.

"పది రోజుల్లో రెండు కిలోలు పడిపోయిందా?" అన్నాడు. "ఒంట్లో నీరంతా పోయింది. సెలైను ఫాస్టుగా వదలండి."

తప్పు ఆయనది కాదండి. చేతిలో గవర్నమెంటు కార్డుంది, దాని మీద టీచరు సంతకం ఉంది, ఆ టీచరు ఎదురుగా నిలబడి ఉంది. ఇంకేం కావాలి ఎవరికైనా? పిల్ల పది రోజుల్లో ఎండిపోలేదు, పుట్టిన దగ్గర్నుంచీ బక్కదే. ఆ మాట చెప్పాల్సింది నేను. ఎనిమిది కిలోలు అబద్ధమండి అని ఒక్క ముక్క. చెప్పలేదండి. లిస్టులో పైన ఉన్న పేరు కళ్ళ ముందు కదిలింది. జ్ఞానమ్మ నా చెయ్యి పట్టుకుని మీరుండబట్టి సరిపోయిందమ్మగారూ అంటోంది. నేను గోడకి ఆనుకుని సెలైను సీసాలో బుడగలు చూస్తూ నిలబడ్డాను.

సగం సీసా దిగేసరికి పిల్లకి ఆయాసం మొదలైంది. డొక్కలు ఎగరేస్తోంది. కనురెప్పలు ఉబ్బాయి. ఇంకా ఎండిపోయిందేమో అని నర్సు తడుముకుంటోంది. అప్పుడు వచ్చిందండీ లోవలక్ష్మి. జ్ఞానమ్మ కూతురు కబురు పెడితే బస్సెక్కి వచ్చిందట, చెమటలు కక్కుకుంటూ. పిల్లని చూసింది, సీసా చూసింది, మంచం మీద కార్డు చూసింది. నావైపు చూళ్ళేదు. తిన్నగా డాక్టరు దగ్గరికి పోయి సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసింది.

"ఈ కార్డు నమ్మకండి బాబూ. పది రోజుల కింద ఈ పిల్ల ఆరూ ఆరొందలండి. నేనే తూశానండి. పోయింది మూడొందల గ్రాములేనండి."

డాక్టరు పేజీ చూశాడు, పిల్లని చూశాడు. ఒక్క అంగలో వెళ్ళి సెలైను ఆపేశాడు. బక్క పిల్ల గుండె ఇన్ని నీళ్ళు ఒక్కసారి తట్టుకోలేదు, ఇంకో అరగంట అయితే చేతులెత్తేయాల్సి వచ్చేదన్నాడు. ఆ పైన ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో, కాస్త కాస్తగా పట్టించమన్నాడు. లోవలక్ష్మి ఒళ్ళో వేసుకుని పట్టించింది. మధ్యాహ్నానికి ఆయాసం తగ్గింది. సాయంత్రం పిల్ల ఏడిచింది. ఏడిస్తే అందరూ నవ్వారు.

నేను వరండాలోకి పోయి కూర్చున్నాను. కాసేపటికి లోవలక్ష్మి వచ్చి కాస్త దూరంగా బల్ల మీద కూర్చుంది. పిల్ల చావు తప్పించుకుంది, నేను జైలు తప్పించుకున్నాను, నా నోట్లోంచి మొదట వచ్చిన మాటేంటో తెలుసా అండీ? చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"మా జ్ఞానమ్మ నీ దగ్గరికి ఎప్పట్నుంచి తెస్తోంది పిల్లని?"

చూశారా? అప్పుడు కూడా కుళ్ళే. నా ఆయా, నేను జీతం రాయించిన మనిషి, నా వెనకాల కాలవ దాటి పోతుందా అని.

పుట్టినప్పట్నుంచీనండి అంది లోవలక్ష్మి. ఆ పిల్లొక్కతే కాదట. మా వైపు పిల్లలు పద్దెనిమిది మంది రెండేళ్ళుగా ఆవిడ దగ్గరికి తూకానికి వెళుతున్నారట. దిష్టి తీస్తుందని ఒకరు చెబితే ఒకరు వెళ్ళారట. మా పిల్లల బరువులు మాత్రం పైకి చదవకుండా పుస్తకంలోనే రాసుకునేదట. ఆ నోటుబుక్కు నిండా వాళ్ళ బరువులే. విప్పి చూశాను. కాలవ కట్టేసిన ప్రతి వేసవీ దిగిపోయిన అంకెలు, ఎర్ర ఇంకుతో. మా ఊరి పిల్లలు, మా వీధుల్లో పిల్లలు. ఫిబ్రవరి మీటింగు నాడు ఆ పుస్తకం ఆవిడ సంచీలోనే ఉందట.

"మరి తియ్యలేదేం? చూపిస్తే నీ టాంకు వచ్చేది. పోస్టూ నీకే వచ్చేది."

"మీ ఉద్యోగం పోద్దండి అమ్మగారండి."

నా కోపం నషాళానికి అంటింది. నీ జాలి ఎవరడిగారు, నీ మంచితనం ఎవడికి కావాలి, నువ్వు నోరు విప్పితే ఈ పిల్లకి ఈ గతి పట్టేదా అని ఆసుపత్రి అని కూడా చూడకుండా అరిచాను. తప్పంతా నాదైతే నెపం ఆవిడ మీదకి నెట్టాను. మాటకి మాట అంటుందనుకున్నాను. అనలేదు.

"నిజమేనండి. చెప్పాల్సిందండి," అంది. "ఆ రోజు గీసినప్పుడు రెండు సున్నాలు వదిలేశానండి. మీ కార్డులు ఒకటి, నా మొహమాటం ఒకటి. మీ కార్డులు బాగుండబట్టే మీ పిల్లలకి డబల్ పిండి రావట్లేదండి. పిండి లేక ఇంకా తగ్గుతున్నారండి. అది తెలిసీ నేను ఊరుకున్నానండి."

అన్నీ పోగొట్టుకున్నప్పుడు కూడా మనిషికి తనదంటూ ఏదో ఒకటి మిగలాలి కదండీ. నాకు నా తప్పైనా మిగులుతుందనుకున్నాను. అందులోనూ సగం పంచుకుని కూర్చుంది మహాతల్లి. అంత కుళ్ళు నా జన్మలో ఇంకెప్పుడూ కలగలేదు.

జూన్ మొదటివారంలో మళ్ళీ మీటింగు. ఈసారి పుస్తకం తీస్తానని, ముందు నాకు చెప్పే తీస్తానని లోవలక్ష్మి కబురు పంపింది. నేను జవాబు పంపలేదు. ఆ రాత్రి మా ఆయనకి చెబితే, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు, ఒక్కటే మాట, పేపరు దించకుండా. మీటింగులో ఆవిడ సంచీలో చెయ్యి పెట్టడం చూశాను. ఆవిడ లేచిందంటే నా బండారం ఆవిడ నోటంట బయటపడుతుంది, అదీ ఆ మెత్తని గొంతుతో, నా మీద జాలి పడుతూ. చచ్చినా ఆ భాగ్యం ఆవిడకి దక్కనివ్వకూడదనుకున్నాను. జనం పశ్చాత్తాపం అన్నారు, ఆత్మసాక్షి అన్నారు. కాదండీ. పంతం. లోవలక్ష్మి కన్నా ముందు నేనే లేచి నిలబడ్డాను.

నా కార్డులు అబద్ధమండి, నేను తూయలేదండి అన్నాను.

జగన్నాథరావుగారు కళ్ళజోడు తీసి, ఎన్ని కార్డులమ్మా అన్నారు.

"అన్నీనండి."

డాక్టరమ్మ లోవలక్ష్మి పుస్తకం తీసుకుని నా కార్డుల పక్కన పెట్టి చూసుకుంది. కొట్టేసిన నీళ్ళ సున్నాని కాయితం మీద మళ్ళీ గీసింది. ఆ తరవాతి వేసవికి ముందే ఎలాగో డబ్బు కూడదీసి చెరువు గట్టున ఫిల్టరు టాంకు కట్టించింది. వేట నిషేధం రోజుల్లో షెడ్ల దగ్గరే పిల్లలకి నీడా, వేడి అన్నం పెట్టించే ఏర్పాటూ లోవలక్ష్మి పట్టుబట్టి సాధించింది. ఒక్క టాంకుతో అయ్యేది కాదని ఆవిడకి ముందే తెలుసు. నాకు మెమో ఇచ్చారు, లిస్టులోంచి పేరు కొట్టేశారు, ముసలిదాన్నని ఉద్యోగం మాత్రం ఉంచారు. సూపర్‌వైజరు పోస్టు ఎవరికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నిజం చెప్పింది నేనైతే పేరు ఆవిడకొచ్చింది. రిటైరయ్యేదాకా ఆవిణ్ణి మేడంగారూ అని పిలిచాను. పిలిచినప్పుడల్లా నాలిక మీద వేపకాయ పెట్టుకున్నట్టుండేది. ఆవిడ మాత్రం అమ్మగారండి అనడం మానలేదు.

అసలు శిక్ష మెమో కాదండి. మీటింగు అయిన మర్నాడు పొద్దున్నే మా సెంటర్లో తూకం పెట్టమన్నారు, పిల్లలందరికీ, మొదట్నుంచీ. జ్ఞానమ్మ ఇంటింటికీ వెళ్ళి పిలుచుకొచ్చింది. లోవలక్ష్మి ఉప్పూ మిరపకాయలూ పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది. మొదటి పిల్లాణ్ణి కాటాకి తగిలించాను. మొలతాడు తియ్యమన్నాను. ముల్లు ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. కార్డు మీద కిందటి నెల నా చుక్క పదకొండు దగ్గరుంది. కొత్త చుక్క పెట్టి కలిపితే గీత నూతిలో పడ్డట్టు దిగిపోయింది. ఆ తల్లికి చదువు రాదు గానీ గీత కిందికి దిగడం కనిపిస్తుంది కదా. నా చెయ్యి పట్టుకుంది. నెల రోజుల్లో మా పిల్లాడు ఇంత చిక్కిపోయాడేంటండీ, వీడికేమైందండీ అంది.

"చిక్కిపోలేదమ్మా," అన్నాను. "ఎప్పుడూ ఇంతే ఉన్నాడు. నేనే ఎక్కువ రాశాను."

ఆవిడ పిల్లాణ్ణి చంకనేసుకుని దిష్టి తీయించుకోడానికి లోవలక్ష్మి దగ్గరికి వెళ్ళిపోయింది. తరవాతి ఆవిడ వచ్చింది. అదే ప్రశ్న వేసింది. నలభై రెండు మంది తల్లులు అడిగారండి, నలభై రెండుసార్లూ అదే జవాబు చెప్పాను.